పెరటాసిలో వచ్చిన సాలగ్రామం

మా బావ సాలగ్రామాన్ని ఫోనులో కొన్నాడు. కొన్నట్టు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొట్లం తెచ్చిన కొరియర్ మనిషికి ఇల్లు తెలియక, అత్తిమంజేరిపేటలో బస్సులు ఆగే చోట నిలబడి కనిపించిన వాళ్లందరినీ అడిగాడు. పొట్లం మీద శంఖం బొమ్మ, చక్రం బొమ్మ ఉన్నాయి. అడుగుతూ అడుగుతూ అతను గడప దగ్గరికి వచ్చేసరికి, మా బావ ఇంటికి దేవుడు వస్తున్నాడని వీధికంతా తెలిసిపోయింది. ఆఖరున తెలిసింది మా అక్కకే.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. తిరుత్తణిలో కాపురం పెట్టి, ఒక తెలుగు దినపత్రికకు ఈ ఆంధ్రా-తమిళనాడు సరిహద్దు ఊళ్ల వార్తలు రాస్తూ జుట్టు తెల్లబరుచుకున్నవాణ్ణి. పని మానేశాక కూడా కాళ్లు ఊరుకోవు. వీలు దొరికినప్పుడల్లా బస్సెక్కి అక్క ఇంటికి పోయి, భోజనం చేసి, బావతో కాసేపు వాదన పెట్టుకుని వస్తాను.

అది తమిళ లెక్కలో పెరటాసి నెల, వేంకటేశ్వరుడిది. మా వైపు తెలుగువాళ్లు, తమిళులు అన్న తేడా లేకుండా ఆ నెలంతా నీసు ముట్టరు. శనివారాల్లో పెరుమాళ్ పటం ముందు ఆకులు పరిచి, అన్నం, పప్పు, వడలు, పాయసం వడ్డించి, గోవింద చెప్పి, అందరూ కలిసి తింటారు. దాన్ని తళిగ వేయడం అంటారు. నెల పోయి ఐప్పసి పుట్టాక వచ్చే మొదటి ఆదివారం చేపల కొట్ల దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు.

అక్కకు ఆ ఆదివారమే పండగ. మేం పుట్టింది పొన్నేరి పక్కన. పులికాట్ సరస్సు ఒడ్డు పళవేర్కాడు రొయ్యలు గంపల్లో మా వాకిటికే వచ్చేవి. ఆమె మెట్టిన ఈ పళ్లిపట్టు వైపు అంతా వేరుశనగ, చెరకు. వీళ్లకు కోడి తెలుసు, మేక తెలుసు. రొయ్యను చూస్తే పురుగనుకునేవాళ్లు. కొత్తకోడలుగా అక్క మొదటిసారి రొయ్యల పులుసు పెట్టినప్పుడు అత్తగారు ముక్కు మూసుకుని పెరట్లోకి వెళ్లిపోయిందట. ఏడాది తిరక్కుండా ఆ అత్తగారే ఆదివారం పొద్దున్నే, "ఏమ్మా, ఈరోజు మీ ఊరి కూర లేదా?" అని అడగడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆదివారమైతే ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు పిలవకుండానే వస్తారు. ఆ ఇంట్లో అక్కకు దక్కిన మర్యాద చాలావరకు ఆ పులుసులోంచి పుట్టిందే.

బావ స్నానం చేసి వచ్చి, కొత్త తువ్వాలు పరిచి, పొట్లం విప్పాడు. లోపల బత్తాయంత నల్లని రాయి. ఒక పక్క నోరు తెరిచినట్టు చిన్న రంధ్రం. అందులోకి చూస్తే చుట్టలు చుట్టుకున్న గీతలు.

సాలగ్రామం తెలియని తెలుగువాళ్లు ఉండరు గాని, పూజ సంగతి తెలిసినంతగా దాని పుట్టుక సంగతి తెలియదు. నేపాల్ వైపు గండకి నదిలో దొరికే రాయి అది. లోపల ఎప్పుడో చచ్చిపోయిన సముద్ర జీవి గుల్ల రాయిగా మారి ఉంటుంది. ఆ గుల్ల చుట్టలనే భక్తులు విష్ణుచక్రం అంటారు. అంటే అది దేవుడూ, శిలాజమూ కూడా. గిరాకీ ఎక్కువ కాబట్టి ప్లాస్టిక్ బంకలో రాతిపొడి కలిపి పోసినవి, మామూలు రాళ్ల మీద చక్రాలు చెక్కినవి ఫోనుల్లో లెక్కలేనన్ని అమ్ముతున్నారు.

బావ ఒక రంగుల కాగితం పైకెత్తి చూపించాడు. "ఒరిజినల్ అని సర్టిఫికెట్ గూడా పంపినారు."

"మన తోట మామిడికాయలకి ఎవురైనా సర్టిఫికెట్ ఇచ్చినారా?" అంది అక్క. "అనుమానముండే సరుకుకే కాగితం."

"నువ్వు గమ్మునుండు మే. దేవుడి దగ్గర ఆ మాటలేంది?"

"సరే, దేవుడే అనుకో. ఇంట్లో పెట్టుకుంటే ఏం చెయ్యల?"

"దినామూ అభిషేకం. నైవేద్యం. ఇంట్లో నీసు వండగూడదు."

"పెరటాసి అయిపోయినాంక?"

"అయిపోయినాంక గూడా."

"ఎన్నాళ్లు?"

"ఎన్నాళ్లేంది? సామి ఉండేంతవరకు."

అక్క చేతిలోని గరిటె కింద పెట్టింది. "అంటే మనింట్లో పెరటాసి ఇంక పోనే పోదన్నమాట" అని, నా వైపు తిరిగింది. "రేయ్, ఊర్లో వాళ్ల గుట్లన్నీ పేపర్లో ఏసినావు గదా. ఇది నిజమో డూప్లికేటో కనుక్కో."

"డూప్లికేటయితే?"

"టెంకాయ కొడతా."

బావ ఆ నెల చివరి శనివారం తళిగనాడు మొదటి పూజ అని నిర్ణయించాడు. పూజ జరిగేదాకా అది రాయి. జరిగాక దేవుడు. దేవుణ్ణి పరీక్షించకూడదు, బయట పెట్టకూడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే తేల్చేదేదో ఆ శనివారం లోపలే తేలాలి.

ముందుగా బావే పరీక్ష పెట్టాడు. నిజమైన సాలగ్రామాన్ని బియ్యంలో ఉంచితే తెల్లారేసరికి బియ్యం పెరుగుతాయని పెద్దలు చెప్పేవారట. ఒక గిన్నెలో, మా వైపు గింజలు కొలిచే పడి నిండా బియ్యం కొలిచి పోసి, మధ్యలో రాయిని పెట్టి, మూత వేసి దేవుడి గూట్లో ఉంచాడు. మర్నాడు నాకు ఫోను.

"ఏం బామ్మర్దీ, పెరిగినాయి. పడి నిండి పొర్లి, ఇంకా ఒక గుప్పెడు మిగిలింది. ఊరికే చెప్పలే, కళ్లారా చూసినా."

వెనకనించి అక్క గొంతు వినిపించింది. "యా పడితో కొలిచినావయ్యా?"

"పడి అంటే పడే. యా పడేంది?"

"పోసింది మీయమ్మ కాలం ఇనప పడితో. ఇప్పుడు చేతిలో ఉండేది తిరుత్తణి తిరణాళ్లలో కొన్న స్టీలు పడి. దాని అడుగు ఎంత పైకుందో చూడు. దాంతో కొలిస్తే మన అప్పలం పిండి గూడా పెరుగుతాది."

స్టీలు పడిని తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత బావ, "మళ్లీ కొలుస్తాలే" అని పెట్టేశాడు. మళ్లీ కొలిచిన ఫలితం నాకెవరూ చెప్పలేదు.

నా వంతు వచ్చింది. పత్రికలో నేర్చుకున్నది ఒక్కటే: ఫలానా వస్తువు నిజమని అమ్మేవాడు చెప్పింది పక్కన పెట్టి, కొన్నవాళ్లు ఏం చెబుతున్నారో చూడాలి. బావ ఫోను తీసుకుని, ఆ అంగడి పేజీ కిందికి జరుపుకుంటూ పోయాను. కొన్నవాళ్లు తమ ఇళ్లలో తీసుకున్న ఫోటోలు అక్కడ వరసగా ఉన్నాయి. పెద్దవి చేసి చూస్తే, వేర్వేరు ఊళ్లకు వెళ్లిన రాళ్లలో చాలావాటికి ఎడమ పక్క ఒకే చోట ఒకే ఆకారంలో చిన్న నొక్కు. కోడిగుడ్లలో కూడా ఒకదాన్ని పోలినట్టు ఇంకొకటి ఉండదు. ఒకే నొక్కుతో అన్ని రాళ్లు పుట్టాయంటే అవి నదిలో పుట్టలేదు, అచ్చులో పుట్టాయి.

నేను ఆ మాట అనగానే అక్క పొయ్యి దగ్గరినించి పరుగెత్తుకొచ్చి ఫోను లాక్కుంది. ఆమె ముఖం అంత వెలిగిపోవడం నేను ఈమధ్య చూడలేదు. బావ మాత్రం రాయిని తెచ్చి, ఎడమ పక్కను వెలుతురులో తిప్పి తిప్పి చూపించాడు. నొక్కు లేదు.

"మనది వేరే" అన్నాడు.

"అచ్చు మార్చింటాడు" అంది అక్క.

తేలలేదు. ప్లాస్టిక్ బంకతో పోసినదైతే ఎర్రగా కాల్చిన సూది ఆనిస్తే కాలిన వాసన వస్తుందని నేను చదివాను. ఆ మాట పైకి అనగానే బావ రాయిని తువ్వాలులో చుట్టి గుండెకు హత్తుకున్నాడు.

"సామికి సూది గుచ్చుతావా?"

"శనివారం దాకా సామి గాదు గదా" అంది అక్క.

"శనివారం సామి అయినాంక మచ్చ పోతాదా? ఆయన చూసుకోడా ఆ మచ్చ?"

చివరికి తిరువళ్లూరులో నాకు తెలిసిన ఒక మేడం దగ్గరికి తీసుకుపోదామని ఒప్పందం కుదిరింది. ఆమె కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఈ జిల్లా మట్టి క్వారీల్లో తెల్లరాళ్ల మీద ఆకుల అచ్చులు దొరికాయని నేను వార్త రాసిన రోజుల్లో, అవేమిటో ఓపికగా విడమర్చి చెప్పింది ఆమే.

రైల్లో బావ రాయిని ఒడిలోంచి దించలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తమిళంలో, అందులో ఏముందని అడిగాడు. బావ "సామి" అన్నాడు. ఆయన వెంటనే లేచి, చెప్పులు విడిచి, తువ్వాలుకు దండం పెట్టాడు.

"చూసినావా" అన్నాడు బావ నా చెవిలో.

"ఆయన మొక్కింది తువ్వాలుకి, బావా."

"నీకు పేపర్లో పనిచేసి పనిచేసి నాలిక చెడిపోయింది."

మేడంది తమిళం. తెలుగు బాగానే మాట్లాడతారు. మేం వచ్చిన పని చెప్పగానే, రాయి వైపు చూడకుండా ముందు తన అలమర తెరిచారు. ఒక అర నిండా ఆమె ఆన్‌లైన్లో కొని మోసపోయిన శిలాజాలు. సుద్దతో చేసిన సముద్రపు పురుగు ఒకటి, పసుపు ప్లాస్టిక్‌లో ఇరుక్కున్న ఈగ ఒకటి, సొరచేప పన్ను అని అమ్మిన రంగేసిన ఎముక ముక్క ఒకటి. "నేను చదివింది ఇదే శాస్త్రం. అయినా ఫోటో బాగుంటే చెయ్యి ఆగదు" అని నవ్వారు. బావ భుజాలు కాస్త కిందికి దిగాయి. రైలు దిగినప్పటినుంచీ పరీక్షకు పోయే విద్యార్థిలా ఉన్నాడు.

అప్పుడు రాయిని అందుకున్నారు. బావ అడక్కుండానే చెప్పులు విడిచి, రెండు చేతులతో పట్టుకున్నారు. ముందు చేతిలో బరువు చూశారు. తర్వాత చెంపకు ఆనించుకున్నారు. ప్లాస్టిక్ చెంపకు ఇంత చల్లగా తగలదట. కిటికీ దగ్గరికి పోయి భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశారు. బంకతో పోసినదైతే సూదిమొనంత గాలిబుడగలు కనిపిస్తాయి, కనిపించలేదు. లోపలి చుట్టలను బావకు కూడా చూపించారు.

"ఈ గీతలు చూడండి. మధ్యలో సన్నం, బయటికి వచ్చేకొద్దీ వెడల్పు. ఏ రెండింటి మధ్యా ఒకే ఎడం లేదు. ఇంకోటి, గీత రాయి అంచు దగ్గర ఆగలేదు, రాయి లోపలికి పోయింది. చెక్కినవాడు అయితే అన్నీ సమంగా చెక్కి, కనిపించేచోట ఆపేస్తాడు. వాడికి తొందర. పెరిగినదానికి తొందర లేదు కదా."

"అంటే నిజమేనా మేడం?" అన్నాడు బావ.

ఆమె దూదిని స్పిరిట్‌లో ముంచి రాయి మీద ఒక మూల రుద్దారు. దూది నల్లబడింది. కింద రాయి బూడిద రంగులో కనిపించింది. నోరులా ఉన్న రంధ్రం అంచున తిన్నటి గీతలు ఉన్నాయి. అవి మెషీను గీతలు.

"లోపల గుల్ల నిజం. రాయి నిజం. నలుపు పూత. నోరు మాత్రం డ్రిల్లు పెట్టి పెద్దది చేశారు, చక్రం బాగా కనబడాలని. పెళ్లికూతురు నిజమే, మేకప్పు కొంచెం జాస్తి."

"గండకిదేనా?"

"అట్లాగే ఉంది. కానీ ఏ ఊర్లో బస్సెక్కి వచ్చిందో నేను ప్రమాణం చేయలేను."

"పూజ చేసుకోవచ్చునా?"

"అది నా సబ్జెక్టు కాదండీ" అంటూ రాయిని మళ్లీ రెండు చేతులతోనే అప్పగించారు. కాఫీ తాగుతున్నప్పుడు ఆ జీవి గురించి ఇంకొంచెం చెప్పారు. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేదట. ఇది అందులో ఈదుతూ తిరిగేదట. పైకి నత్తలా కనిపిస్తుంది గాని, దాని దగ్గర చుట్టం కణవా. రొయ్యల వలల్లో కలిసివచ్చే మెత్తటి జీవి, చేపల మార్కెట్లో అందరూ చూసేదే.

తిరుగు రైల్లో బావ గెలిచినవాడిలా ఉంటాడనుకున్నాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అరక్కోణం దాటాక, "మీయక్కకి నువ్వే చెప్పు" అన్నాడు.

అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. "నిజమేనా?" అని ఒక్క మాటే అడిగింది. లోపలిది నిజమేననీ, పైన పూత పూశారనీ, నోరు డ్రిల్లుతో తొలిచారనీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ పూతను, ఆ డ్రిల్లును పట్టుకుని వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు.

"నిజమైతే నిజమే" అని లోపలికి పోయింది. కాసేపటికి పెరట్లో చప్పుడైతే చూశాను. పులుసు పెట్టే మట్టి చట్టిని బూడిదతో రుద్ది రుద్ది కడుగుతోంది. కడిగి, ఎండలో ఆరబెట్టి, గోడవతల పక్కింటామెకు ఇచ్చేసింది. ఎందుకిస్తున్నావని ఆమె అడిగితే, "మాకు పన్లేదులే" అంది. బావ స్తంభం పక్కన నిలబడి అదంతా చూశాడు. ఆ సాయంత్రం టిఫిను సగంలోనే లేచిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం చారు అన్నం తింటుంటే అక్క అడిగింది. "ఆ మేడం ఇంకేం చెప్పిందిరా?"

హిమాలయాల సంగతి, సముద్రం సంగతి చెప్పాను. కణవా చుట్టరికం దగ్గరికి రాగానే అక్క చెయ్యి ఆగిపోయింది.

"కణవానా? మన కణవానా?"

"దానికి చుట్టం."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుని బావతో అంది. "విన్నావా అయ్యా? సామి మా వైపోడే. నా మాదిరే సముద్రం పక్కనించి ఈ మెట్టకి వచ్చినాడు పాపం. వచ్చినోడికి నువ్వు పప్పు, చారు."

"అపచారం మే" అన్నాడు బావ. అన్నాడేగాని పెదాల చివర నవ్వును దాచుకోలేకపోయాడు.

భోజనమయ్యాక పూజ పద్ధతి అడిగి వస్తానని రాయి తీసుకుని బయల్దేరాడు. ఊరి చివర భజన గుడి ఉంది. గుడి అంటే ఒక గది, గోడకు పెరుమాళ్ పటం, ముందు గరుడ స్తంభం. అక్కడ పూజ చేసేది దాసరి పెద్దాయన. పెరటాసి శనివారాల్లో శంఖం ఊదుకుంటూ ఇంటింటికీ వచ్చి తళిగకు గోవింద చెప్పేది ఆయనే. ఆయన ఇంట్లో తాతల కాలంనుంచీ నీసు లేదు.

పొద్దు వాలుతుండగా బావ తిరిగొచ్చాడు. తువ్వాలు భుజం మీద మామూలుగా వేలాడుతోంది.

"రాయి యాడ?" అంది అక్క.

"భజన గుడిలో."

"చూపించేదానికి పెట్టినావా, ఇచ్చేసినావా?"

"ఇచ్చేసినా."

బావ అరుగు మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, నిదానంగా చెప్పాడు. పద్ధతి అడుగుదామని పోతే, దాసరి పెద్దాయన రాయిని చూసి రెండు చేతులూ జోడించాడట. ముట్టుకోకుండా లోపలికి పోయి, మళ్లీ స్నానం చేసి, తడిబట్టతో వచ్చి, ఉత్తరీయం పరిచి అందులో పెట్టించుకున్నాడట. ఇన్నేళ్లుగా పటానికే నీళ్లు చిలకరించినానయ్యా, అభిషేకం చేసే భాగ్యం ఈరోజు వచ్చింది అన్నాడట. నిజమా నకిలీనా అని అడగలేదు. ఎక్కడ కొన్నావని అడగలేదు. తులసి ఆకు పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"ఆయన కళ్లు తెరిచేటప్పటికి తిరిగి అడిగేదానికి నాకు నోరు రాలే" అన్నాడు బావ. "మనింట్లో అది చుట్టంగా వచ్చినట్టుండె. ఆడ సొంతింటికి పోయినట్టుండాది. నేనేం చేసేది?"

అక్క ఏమంటుందా అని చూశాను. కొంగుతో ముఖం తుడుచుకుని, "పొద్దున్నే లేచేదానికి బద్దకమై ఇచ్చేసినావని ఊర్లో అంటారు, చూడు" అంది.

"అననీ. శనివారం తళిగ ఆడే ఏస్తాము. వడలు నువ్వే చెయ్యల."

"చేస్తాలే. ఊరందరికీ సరిపొయ్యేటట్టు చేస్తా."

అలా అంటూనే ఆమె చెప్పులు వేసుకోకుండా గోడ వైపు నడిచింది. చట్టి కోసం. పక్కింటామె అప్పటికే అందులో పెరుగు తోడేసింది. ఎంత బూడిద రుద్దినా ఏళ్ల తరబడి పులుసు తాగిన మట్టి ఊరుకుంటుందా? ఆమె గోడమీదుగా చట్టిని అందిస్తూ, "తీసుకుపో తల్లీ. మా ఇంట్లో మజ్జిగ తాగినోళ్లంతా ఈరోజు పెరటాసి తప్పినారు" అంది. ఇద్దరూ గోడకు చెరో వైపు నిలబడి చాలాసేపు నవ్వుకున్నారు.

ఆ శనివారం భజన గుడిలో తళిగ ఊరంతా కలిసి వేశారు. బావ వచ్చినవాళ్లందరినీ ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, గీత రాయి లోపలికి ఎలా పోతుందో, చెక్కినవాడికి ఎందుకు తొందరో చెప్పాడు. మేడం చెప్పినదానికి రెండింతలు చెప్పాడు. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరు ఆన్‌లైన్లో రుద్రాక్ష కొన్నా, కుడివైపు చుట్లుండే వలంపురి శంఖం కొన్నా ముందు బావకు తెచ్చి చూపిస్తున్నారు. అందులో సగం నకిలీ అని ఆయన తేలుస్తాడు. మిగతా సగం గురించి నాకు ఫోను చేస్తాడు.

ఐప్పసి పుట్టిన మొదటి ఆదివారం తెల్లవారకముందే నేను పొన్నేరి మీదుగా పళవేర్కాడు పోయాను. పడవల దగ్గరే రొయ్యలు కొని, ఐసు డబ్బాలో పెట్టుకుని, రైలు, బస్సు మారి అత్తిమంజేరిపేట చేరేసరికి ఇల్లు నిండి ఉంది. ఆడబిడ్డలు కొత్తిమీర గిల్లుతున్నారు. పిల్లలు గుమ్మం దగ్గర డబ్బా కోసం కాచుకున్నారు. అక్క మూత తీసి, ఒక రొయ్యను పట్టి చూసి, తల ఊపింది.

పులుసు ఉడుకుతున్నంతసేపూ ఎవరూ పొయ్యి గదికి దూరంగా పోలేదు. బావ వేళ్లు నాక్కుంటూ, "నెల్లాళ్లు ఆగినందుకు రుచి ఇంకా పెరిగినట్టుండాది" అన్నాడు. "జీవితమంతా ఆపేస్తానంటివే, అప్పుడింకా పెరిగేది" అని అక్క మళ్లీ వడ్డించింది.

అందరూ తిని, చేతులు కడుక్కుని, చాపల మీద వాలిపోయాక అక్క తినడానికి కూర్చుంది. కంచం తీసుకోలేదు. చట్టి అడుగున పట్టుకున్న చిక్కటి పులుసులోకే వేడన్నం వేసుకుని, అంచులన్నీ తుడుస్తూ కలుపుకుంది. ఒక చిన్నపిల్ల వచ్చి నోరు తెరిచి నిలబడింది. "నీదయిపోయింది, పో. ఇది నాది" అని ఆ పిల్లను నవ్వుతూ పంపించేసి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.